ఆ హార్మోను సూది మాత్రం వేయించుకోకు

ప్రశ్న: డాక్టరు గారూ, మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. నాకు 32 ఏళ్ళు, మా ఆవిడకు 27. పెళ్ళయి మూడేళ్ళయినా పిల్లలు లేరు. కౌలుకు రొయ్యల చెరువులు చేస్తున్నాను, మూడెకరాల వరి కూడా ఉంది, దానికి మందు నేనే కొడతాను. రాత్రిళ్ళు చెరువు గట్టు మీదే కాపలా, ఇంటికి వారానికో పది రోజులకో వెళ్తాను. ఆవిడకు స్కాన్లు, థైరాయిడ్, ట్యూబుల ఎక్స్‌రే అన్నీ అయ్యాయి, ఏ లోపమూ లేదన్నారు. చివరికి నన్నూ చేయించుకోమంటే పదిహేను రోజులు దూరంగా ఉండి, ఇంటి దగ్గరే శాంపిల్ తీసి బైకు మీద భీమవరం తీసుకెళ్ళి ఇచ్చాను, గంటన్నర పట్టింది. వీర్యం 2.5 మి.లీ., వీర్యకణాల కౌంట్ మి.లీ.కి 9 మిలియన్లు, కదలిక 25 శాతం, మామూలు ఆకారం 3 శాతం అని రాశారు. దానికి నెలన్నర ముందు డెంగీ వచ్చి తగ్గింది. ఎడమవైపు కాస్త బరువుగా ఉంటుంది, మా నాన్నకు వరిబీజం ఉండేది. ఖైనీ అలవాటు ఉంది, రొయ్యల పట్టుబడి అయినప్పుడు మందు కూడా. బరువు 88 కిలోలు. మెడికల్ షాపతను వారానికొకటి టెస్టోస్టిరాన్ సూది వేయించుకోమన్నాడు, ఫ్రెండు ఒకడు లేహ్యం తెచ్చాడు. ఇదంతా పురుగుమందుల వల్లా, బైకు వల్లా, చిన్నప్పటి అలవాట్ల వల్లా? అమ్మకు చెప్పాలంటే నోరు రావడం లేదు. తమ్ముడిలా అనుకుని చెప్పండి.

సమాధానం:

తమ్ముడిలా అనుకోమన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. మిగతాదంతా తర్వాత తీరిగ్గా చదువుకో, ముందు ఇది విను. ఆ టెస్టోస్టిరాన్ సూది వేయించుకోకు. ఇప్పటికే ఒకటి వేయించేసుకుంటే రెండోదానికి వెళ్ళకు.

మగ హార్మోను కదా, ఎక్కిస్తే కౌంట్ పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఆ షాపతను కూడా నిన్ను ముంచుదామని కాకుండా నిజంగానే నమ్మి చెప్పి ఉండొచ్చు. జరిగేది మాత్రం పూర్తిగా రివర్సు. బీజాలకు, అంటే వృషణాలకు, పని పురమాయించేది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి. అది ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లు పంపితేనే బీజాల్లో టెస్టోస్టిరానూ వీర్యకణాలూ తయారవుతాయి. నువ్వు బయట నుంచి సూది వేయించుకుంటే రక్తంలో టెస్టోస్టిరాన్ నిండుగా కనపడుతుంది, ఇంక నా పనేముందిలే అని పిట్యూటరీ ఆ రెండిటినీ ఆపేస్తుంది. వీర్యకణాలు తయారవ్వాలంటే బీజం లోపల టెస్టోస్టిరాన్ రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి, ఏ సూదీ అక్కడికి అంత చేర్చలేదు. కొన్ని నెలలు అలా సాగితే కౌంట్ సున్నాకి పడిపోవచ్చు. ఇది ఎంత నమ్మకంగా జరుగుతుందంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే వారం వారం టెస్టోస్టిరాన్ సూదిని మగవాళ్ళకు గర్భనిరోధకంగా పనికొస్తుందేమోనని కొన్ని దేశాల్లో పరీక్షించి, పనికొస్తుందని 1990లో ఫలితాలు ప్రచురించింది. పిల్లలు పుట్టకుండా చేసే మందన్నమాట, నీకు పిల్లల కోసం వాడమంటున్నారు! సూదులు ఆపేస్తే చాలామందిలో ఆరు నెలలకో ఏడాదికో తయారీ మళ్ళీ మొదలవుతుంది, కొందరికి రెండేళ్ళు కూడా పడుతుంది. జిమ్ముల్లో కండల కోసం పొడిపించుకునే స్టిరాయిడ్లదీ ఇదే కథ. పెళ్ళికి ముందు ఒకటి రెండేళ్ళు వాడేసి, ఆ సంగతి డాక్టరు దగ్గర దాచేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. నువ్వు జిమ్ముకి వెళ్ళే రకంలా లేవు, అయినా అలాంటిదేమైనా ఉంటే దాచొద్దు.

ఇప్పుడు ఆ రిపోర్టు సంగతి. అది చూసి నువ్వు పడుతున్న టెన్షన్‌లో సగం అనవసరం, ఎందుకంటే ఆ శాంపిల్ తీసిన సమయమూ తప్పే, తీసిన పద్ధతీ తప్పే. ఒక వీర్యకణం మొదలుపెట్టిన దగ్గర నుంచి తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది, తర్వాత ఇంకో పది పన్నెండు రోజులు బీజం వెనక ఉండే సన్నటి గొట్టంలో ప్రయాణం చేస్తూ ఈదడం నేర్చుకుంటుంది. అంటే ఈ రోజు ఇచ్చిన శాంపిల్ సుమారు మూడు నెలల వెనకటి లెక్క. బీజాలు ఒంటి బయట వేలాడేది ఊరికే కాదు, ఒంటి వేడి కన్నా రెండు నుంచి నాలుగు సెల్సియస్ డిగ్రీలు చల్లగా ఉంటేనే అక్కడ పని సాగుతుంది. నీకు డెంగీలో వరసగా నాలుగైదు రోజులు 103, 104 జ్వరం కాసి ఉంటుంది కదా, సరిగ్గా అప్పుడు తయారీలో ఉన్న కణాలే నెలన్నర తర్వాత నువ్వు సీసాలో పట్టుకెళ్ళినవి. డెంగీయే కానక్కర్లేదు, టైఫాయిడ్, మలేరియా, ఏ పెద్ద జ్వరమైనా అంతే, రెండు మూడు నెలలు కౌంట్ దిగి ఆ తర్వాత దానంతట అదే లేస్తుంది.

ఇక పదిహేను రోజులు దూరంగా ఉండటం. కూడబెడితే బలం పెరుగుతుందని అనుకున్నావు, అందరూ అలాగే అనుకుంటారు. ఎక్కువ రోజులు ఆగితే కణాల సంఖ్య కొంచెం పెరుగుతుంది గానీ వాటిలో పాతబడినవి, కదల్లేనివి ఎక్కువ ఉంటాయి. పరీక్షకు రెండు నుంచి ఏడు రోజుల ఎడం చాలు, నన్నడిగితే మూడు రోజులు చక్కగా సరిపోతుంది. పైగా శాంపిల్ గంటలోపు, వీలైతే అరగంటలోపే ల్యాబులో చూడాలి, ఒంటి వేడికి దగ్గరగా ఉంచాలి. గంటన్నర బైకు మీద ఎండలో వెళ్ళిన శాంపిల్లో కదలిక 25 శాతం కనపడిందంటే నాకేం ఆశ్చర్యం లేదు. సబ్బు, కొబ్బరినూనె, ఉమ్మి ఏదీ తగలకూడదు, మందుల షాపులో కొన్న కండోములో అసలు పట్టకూడదు. చెరువులో ఒక మూల ఒక్కసారి విసురు వల వేసి, పడ్డ నాలుగు రొయ్యల్ని చూసి పట్టుబడి లెక్క కట్టవు కదా, ఇదీ అంతే. మంచి శాంపిలే అయినా మనిషిలో వారానికీ వారానికీ అంకెలు చాలా మారతాయి, అందుకే తేడా వస్తే కనీసం రెండుసార్లు చేయించమంటాం.

అంకెల అర్థం కూడా చెప్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం కింది హద్దులు ఇవి: వీర్యం 1.4 మి.లీ., మి.లీ.కి 16 మిలియన్ల కణాలు, మొత్తం మీద 39 మిలియన్లు, కదలిక 42 శాతం, మామూలు ఆకారం 4 శాతం. వీర్యం కొలత తప్ప మిగతావి నీవి వీటికన్నా తక్కువే, కాదనను. అయితే ఈ హద్దులు ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరూ చెప్పరు. ఏడాదిలోపు భార్యకు కడుపు నిలిచిన మగవాళ్ళ శాంపిళ్ళు తీసుకుని, వాళ్ళలో అందరికన్నా అడుగున ఉన్న ఐదు శాతం దగ్గర గీత గీశారు. అంటే ఆ గీత కింద ఉన్నవాళ్ళు కూడా తండ్రులయినవాళ్ళే. 9 మిలియన్లంటే ఆలస్యం కావచ్చు, అసాధ్యం కాదు. ఇక 3 శాతం ఆకారం చూసి 97 శాతం పాడైపోయాయని గుండె బాదుకోకు, ఏ లోపమూ లేని మగవాడిలో కూడా చాలా భాగం వంకర టింకరగానే ఉంటాయి.

ఇంకో సంగతి, నీ ఉత్తరంలో దారినపోతూ ఒక్క ముక్కలో రాసి వదిలేశావు గానీ నాకు అన్నిటికన్నా పెద్దగా కనపడింది అదే. వారానికో పది రోజులకో ఇంటికి వెళ్తానన్నావు. ఆవిడ అండం విడుదలయ్యాక బతికేది ఒక రోజులోపే, నీ కణాలు ఆవిడ ఒంట్లో మూడు రోజులు, బాగుంటే ఐదు రోజులు బతుకుతాయి. నెలలో కడుపు నిలిచే అవకాశం ఉన్నది ఆ ఐదారు రోజులే, 28 రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్ళకి అది సుమారుగా 10వ రోజు నుంచి 15వ రోజు దాకా. ఆ వారం నువ్వు చెరువులో గాలి కొట్టే ఏరియేటర్ల పక్కన పడుకుని, 20వ రోజున ఇంటికెళ్తే కౌంట్ 90 ఉన్నా ఏం లాభం? మూడేళ్ళంటున్నావు గానీ సరైన రోజుల్లో మీరిద్దరూ కలిసి ఉన్న నెలలు ఎన్నో ఒకసారి ఆవిడా నువ్వూ కూర్చుని గుర్తు చేసుకోండి. ఆ వారం కాపలాకు ఇంకో మనిషిని పెట్టుకో, బావమరిదినో పాలేరునో ఎవరినైనా సరే, రోజు విడిచి రోజు ఇంట్లో ఉండు. రోజూ అయినా తప్పులేదు. వాయిదా ప్రకారం డ్యూటీలా చేయాల్సి వస్తోందని చిరాకు పుడితే ఆ లెక్కలన్నీ మానేసి నెలంతా రెండు మూడు రోజులకోసారి దగ్గరవ్వండి, అదీ పనిచేస్తుంది.

ఎడమవైపు బరువు గురించి. నాన్నగారి వరిబీజం నీకు వారసత్వంగా వచ్చిందని భయపడుతున్నావు. మన డెల్టాలో వరిబీజం ఎక్కువగా కనపడటానికి కారణం బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగే, అది మురుగు కాల్వల్లో పుట్టే క్యూలెక్స్ దోమ కుట్టి ఎక్కించేది, నాన్న నుంచి కొడుక్కి వచ్చేది కాదు. ఊళ్ళో బోదకాలు రాకుండా మాత్రలు పంచినప్పుడు చాలామంది తీసుకుని సూరు కింద దోపేస్తారు, మింగాలి. వరిబీజంలో చేరేది నీరు. నీ విషయంలో నాకు అనుమానం అది కాదు, వెరికోసీల్. అంటే బీజం పైన సిరలు ఉబ్బి, మెలికలు పడి, నిలబడినప్పుడు బరువుగా అనిపించి పడుకుంటే తగ్గుతుంది. ఎడమవైపు సిర కిడ్నీ సిరలోకి నిటారుగా వెళ్ళి కలుస్తుంది కాబట్టి అటువైపే ఎక్కువ. మామూలు మగవాళ్ళలోనే వందకు పదిహేను మందికి ఉంటుంది, వాళ్ళలో చాలామందికి పిల్లలు ఏ ఇబ్బందీ లేకుండా పుడతారు. అయితే కౌంట్ తక్కువై డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్ళను చూస్తే వందకు ముప్ఫై ఐదు, నలభై మందిలో ఉంటుంది. మందులతో నయం చేసుకోగలిగేవీ ఆపరేషన్‌తో సరిచేసుకోగలిగేవీ ఈ వ్యవహారంలో కొన్నే, అందులో ఇది ముఖ్యమైనది. చేత్తో చూస్తే తెలిసేంత ఉండి, కౌంట్ కూడా తక్కువ ఉంటే మైక్రోస్కోపు కింద చేసే చిన్న ఆపరేషన్ వల్ల మూడు నుంచి ఆరు నెలల్లో చాలామందికి అంకెలు మెరుగవుతాయి. స్కాన్‌లో మాత్రమే కనపడే చిన్న దానికి కత్తి అక్కర్లేదు, ఎవరైనా వెంటనే చేసేద్దామంటే ఇంకొకరి దగ్గర చూపించుకో. బీజం మీద గట్టిగా, నొప్పి లేని గడ్డ చేతికి తగిలితే మాత్రం ఏ రిపోర్టు కోసమూ ఆగకుండా ఆ వారమే వెళ్ళు, అది వేరే జబ్బు కావచ్చు.

పురుగుమందులు. నువ్వు అడిగినవాటిలో కొట్టిపారేయలేనిది ఇది. 1977లో కాలిఫోర్నియాలో ఒక పురుగుమందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు తమలో ఎవరికీ పిల్లలు పుట్టడం లేదని మాటల్లో గమనించుకుని పరీక్ష చేయించుకుంటే, నేలలో నులిపురుగుల్ని చంపే డీబీసీపీ అనే మందు వాళ్ళ కణాల తయారీనే ఆపేసిందని తేలింది. ఆ మందును మన దేశంలో కూడా ఎప్పుడో నిషేధించారు. ఇప్పుడు దాళ్వాలో, అంటే రబీ వరికి, కొట్టేవాటిలో ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులు తరచూ ఒంటికి తగిలేవాళ్ళలో కౌంట్, కదలిక తగ్గినట్టు చాలా అధ్యయనాల్లో కనపడింది. నీ 9 మిలియన్లకు కారణం అదేనని తేల్చి చెప్పే పరీక్ష ఏదీ లేదు, ఉందని డబ్బులు గుంజేవాళ్ళను నమ్మకు. కానీ జాగ్రత్తకు ఖర్చేముంది? దోమపోటు వచ్చిందని లుంగీ పైకి కట్టి, చొక్కా లేకుండా, గాలికి ఎదురుగా ట్యాంకు భుజాన వేసుకుని వెళ్ళడం మానెయ్. చేతిలో మందు కలపొద్దు, పూర్తి చేతుల చొక్కా, ప్యాంటు, గ్లోవ్స్, ముక్కుకి మాస్కు, అయ్యాక సబ్బుతో స్నానం. ఆ బట్టలు ఆవిడ చేత మిగతావాటితో కలిపి ఉతికించకు. చేతులు కడక్కుండా ఖైనీ నలిపి పెట్టుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, మందు నేరుగా నోట్లో పెట్టుకున్నట్టే. ఇంకా బాగుండాలంటే ఈ ఆర్నెల్లు మందు కొట్టే పని కూలికి ఇచ్చెయ్, అయితే ఆ కూలివాడికి కూడా గ్లోవ్స్ నువ్వే కొనివ్వు, వాడికీ పెళ్ళాం పిల్లలు ఉంటారు.

ఖైనీ గురించి ఇంతకన్నా పొడుగ్గా చెప్పను, మానెయ్. పొగాకు కాల్చినా నమిలినా కణాల సంఖ్యనూ కదలికనూ తగ్గిస్తుంది, వాటి లోపలి డీఎన్‌ఏను కూడా పాడు చేస్తుంది. మందు ఎప్పుడో పట్టుబడి రోజున ఒక పెగ్గు అయితే దాన్ని పట్టుకుని ఏడవను, కానీ మన వైపు పట్టుబడి అంటే మూడు రోజులు నడుస్తుంది, అది నాకూ తెలుసు. 88 కిలోలన్నావు, ఎత్తు రాయలేదు, ఐదడుగుల ఆరంగుళాలైతే స్థూలకాయం కిందే లెక్క. పొట్ట కొవ్వు ఒంట్లో ఉన్న టెస్టోస్టిరాన్‌ను ఆడ హార్మోనుగా మార్చేస్తుంది, పైగా తొడల మధ్య వేడి పెంచుతుంది. ఏడెనిమిది కిలోలు తగ్గినా మేలే. షుగరు కూడా ఒకసారి చూపించుకో. 32 ఏళ్ళకే ఎందుకంటావేమో, మన ఉభయ గోదావరి పల్లెల్లో చేసి 2006లో ప్రచురించిన సర్వేలోనే పెద్దవాళ్ళలో వందకు సుమారు 13 మందికి షుగరు ఉందని తేలింది, ఇప్పుడు తగ్గి ఉంటుందని నేననుకోను.

బైకు మీద తిరగడం వల్ల పిల్లలు పుట్టకుండా పోరు, నిశ్చింతగా ఉండు. జీన్సు బిగించి రోజంతా వేడి సీటు మీద కూర్చోవడం కన్నా లుంగీ మంచిది, మన తాతలు కట్టిందే. చిన్నప్పటి అలవాట్లు అని మొహమాటపడుతూ రాశావు చూడు, దాని వల్ల ఏమీ అవ్వదు, ఏ వీర్యమూ అరిగిపోదు, రోజూ కొత్తది తయారవుతూనే ఉంటుంది. గోడల మీద రాసే లాడ్జి వైద్యులు బతికేది ఈ భయం మీదే. వీర్యం పల్చగా ఉందా చిక్కగా ఉందా అనేదానికీ కౌంట్‌కీ సంబంధం లేదు, కౌంట్‌కీ పడకలో మగతనానికీ కూడా సంబంధం లేదు, ఎంత దిట్టంగా ఉన్నవాడికైనా కౌంట్ సున్నా ఉండొచ్చు.

లేహ్యం డబ్బా మీద ఏం కలిపారో రాసి లేకపోతే గోదాట్లో కలిపెయ్యమనను, చేపలేం పాపం చేశాయి, చెత్తలో పడెయ్. ఇలాంటి కొన్నింట్లో సీసం, పాదరసం దొరికాయి, కొన్నింట్లో అల్లోపతి మాత్రలే నూరి కలుపుతారు. నెలకు వేలల్లో అమ్మే జింకు, ఫోలిక్ యాసిడ్ మాత్రల మీద కూడా పెద్దగా ఆశ పెట్టుకోకు. అమెరికాలో రెండు వేలకు పైగా జంటల మీద చేసిన అధ్యయనం 2020లో వచ్చింది, ఆ మాత్రలు మింగినా కౌంట్ పెరగలేదు, పిల్లలూ ఎక్కువ పుట్టలేదు. డాక్టరు రాస్తే వేసుకో, వేసుకున్నాం కదా అని ఖైనీ కొనసాగించకు.

ఇప్పుడు ఇంట్లో సంగతి, ఇది నిన్ను కాస్త నొప్పించినా రాస్తాను. మూడేళ్ళలో ఆవిడకు స్కాన్లు, రక్త పరీక్షలు, చివరికి ట్యూబుల్లోకి మందు ఎక్కించి తీసే ఆ నొప్పి ఎక్స్‌రే కూడా అయ్యాయి. ఒక డబ్బా, ఒక గది, పది నిమిషాల్లో అయిపోయే నీ పరీక్ష అన్నిటికన్నా ఆఖరున అయింది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక లోపం ఉంటుంది, అయినా మన దగ్గర ముందు నడిపించేది ఆడపిల్లనే. అమ్మకు అంకెలు, ఆకారాలు చెప్పక్కర్లేదు. "డాక్టరు నాక్కూడా మందులు రాశాడు, కోడలిలో ఏ లోపమూ లేదన్నాడు" అని ఆవిడ ఎదురుగానే చెప్పు, గొంతు తగ్గించకుండా. పేరంటాల్లో ఎవరైనా ఆవిడను ఏదైనా అంటే జవాబు చెప్పాల్సింది కూడా నువ్వే. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకుంటే వెళ్ళనీ, నాకేం అభ్యంతరం లేదు, కానీ ఆవిడను ఒక్కదాన్నే పంపకు, పక్కన నువ్వూ నడువు. ఎలాగూ బరువు తగ్గాలి కదా.

ఇక చేయాల్సింది. డెంగీ తగ్గి మూడు నెలలు నిండే దాకా మళ్ళీ వీర్య పరీక్ష వద్దు. ఈ లోపు ఖైనీ మాను, ఆ వారాలు ఇంట్లో ఉండు, అందులోనే ఆవిడకు నెల తప్పినా తప్పొచ్చు. మూడు నెలలయ్యాక శాంపిల్ తీసుకోవడానికి అక్కడే గది ఉన్న ల్యాబుకి, భీమవరమో రాజమండ్రో, మూడు రోజుల ఎడంతో వెళ్ళు. మళ్ళీ తక్కువ వస్తే గైనకాలజిస్టు దగ్గరికి కాదు, యూరాలజీ డాక్టరు దగ్గరికి వెళ్ళి నిలబడి చూపించుకో, కాకినాడ పెద్దాసుపత్రి అయినా సరే. చిన్నప్పుడు బీజం కిందికి దిగకపోవడం, పెద్దయ్యాక గవదబిళ్ళలు వచ్చి కింద వాచిపోవడం, హెర్నియా ఆపరేషన్ ఇలాంటివేమైనా ఉంటే చెప్పు. అప్పుడు ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, టెస్టోస్టిరాన్ రక్త పరీక్షలు రాస్తారు, ఉదయం పూట ఇవ్వాలి. కౌంట్ 5 మిలియన్ల కిందికి ఉంటే క్రోమోజోముల పరీక్ష కూడా అడుగుతారు. అప్పటిదాకా ఐవీఎఫ్ సెంటర్ వాళ్ళు ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టినా సంతకం పెట్టకు. నిజంగా అవసరపడితే ఒక్క కణాన్ని తీసుకుని అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతి 1992 నుంచీ ఉంది, చాలా తక్కువ కౌంట్ ఉన్నవాళ్ళు కూడా దానితో తండ్రులయ్యారు. వెళ్ళే సెంటర్‌కు సంతాన సాఫల్య కేంద్రాల కోసం వచ్చిన 2021 చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడిగి మరీ వెళ్ళు. ఆవిడకు 27 కాబట్టి వయసు తరుముకొస్తున్న తొందర మీకు లేదు, అదే 35 దాటి ఉంటే ఈ మూడు నెలలు కూడా ఆగమనేవాణ్ణి కాదు.

రెండో రిపోర్టు వచ్చాక మళ్ళీ రాయి. ఎత్తు, షుగరు, ఎఫ్‌ఎస్‌హెచ్ అంకెలు కూడా రాయి, ఎడమవైపు బరువు పడుకుంటే తగ్గుతోందో లేదో అదొకటి చూసుకుని చెప్పు.